అరవై నాలుగు గడుల సంఖ్య: ఎరుక, మాట, బాధ్యత

ఉపోద్ఘాతం

చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టిస్తూ అరవై నాలుగో గడి వరకు పోస్తే మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్య తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహా'న్ని తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఈ సంఖ్య ఒక్క అంకె కూడా వదలకుండా ఇమిడి ఉంది. ఆ పద్యాన్ని శాస్త్రకవిత్వానికి ఉదాహరణగానో, కవి చమత్కారానికి నిదర్శనంగానో ప్రస్తావించడం పరిపాటి.

ఈ వ్యాసం అదే సంఖ్యను ఒక నైతిక ప్రశ్న వైపు నుంచి పరిశీలిస్తుంది. ఆ సంఖ్య వెనుక ఒక కథ ఉంది. ఆ కథలో ఒక రాజు మాట ఇచ్చాడు. ఎంతకు మాట ఇస్తున్నాడో అతనికి తెలియదు. పరిమాణం తెలియక ఇచ్చిన మాటకు మనిషి ఎంతవరకు కట్టుబడి ఉండాలి? తెలిసి అడిగినవాడికి ఏ బాధ్యతా లేదా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే ముందుగా ఒక సంఖ్య 'తెలియడం' అంటే ఏమిటో నిర్ణయించుకోవాలి. సంఖ్యను చెప్పగలగడం, దానిని గణించగలగడం, దాని పరిమాణాన్ని గ్రహించడం అనేవి మూడు వేర్వేరు స్థాయిల ఎరుకలనీ, మాటకు ఉండే బలం ఈ ఎరుక స్థాయిని బట్టి మారుతుందనీ ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

1. చెప్పడం వేరు, తెలియడం వేరు

మల్లన పేర ప్రసిద్ధమైన పద్యం భూతసంఖ్యా పద్ధతిలో నడుస్తుంది. శశి అంటే ఒకటి, వేదాలు నాలుగు, శరాలు అయిదు, గిరులు ఏడు, ఆకాశం సున్న. ఈ మాటలను వరుసగా చదువుతూ కుడి నుంచి ఎడమకు అంకెలు వేసుకుంటూ పోతే సంఖ్య ఏర్పడుతుంది. కవికి ఒక్కో అంకెకు అనేక పర్యాయపదాలు ఉన్నాయి గనుక గణాలకు, యతిప్రాసలకు అనువైనదాన్ని ఎంచుకొనే వెసులుబాటు ఉంది. రాతకన్న ధారణకు ప్రాధాన్యం ఉన్న కాలంలో ఇరవై అంకెలను చెదరకుండా నిలుపుకోవడానికి ఇంతకన్న మంచి ఉపాయం దొరకడం కష్టం.

అయితే ఈ ఉపాయానికి ఒక పరిమితి ఉంది. 'శశి', 'గిరి' రెండూ రెండు లఘువుల మాటలే. లేఖకుడు పరాకున ఒకదాని స్థానంలో మరొకటి రాస్తే గణం చెడదు. యతిప్రాస స్థానాల్లో తప్ప ఛందస్సు ఆ పొరపాటును పట్టి ఇవ్వదు. అంకె మాత్రం ఒకటికి బదులు ఏడు అవుతుంది. పట్టి ఇవ్వగలిగింది గణితమే. రెట్టింపుల లెక్క ప్రకారం ఈ మొత్తాన్ని తొమ్మిదితో భాగిస్తే ఆరు మిగలాలి. సంఖ్యలోని అంకెలన్నీ కూడితే 87, ఆ అంకెలను కూడితే 15, మరల కూడితే 6. ఎక్కడైనా ఒక ఒకటి ఏడుగా మారితే ఈ వరుస 93, 12, 3 అవుతుంది. పాఠం చెడిందని తేలిపోతుంది.

సాధారణంగా పాఠ నిర్ణయానికి ప్రతుల సాక్ష్యమే ఆధారం. ఇక్కడ మాత్రం ప్రతులన్నీ ఏకగ్రీవంగా ఒక పాఠాన్ని చెప్పినా, గణితం దానిని తప్పు అనవచ్చు. ఇందులో మనకు కావలసిన విషయం ఒకటి ఉంది. పద్యాన్ని తప్పులేకుండా అప్పగించేవాడికీ, అందంగా రాసి పెట్టే లేఖకుడికీ ఆ సంఖ్య తెలిసి ఉండనవసరం లేదు. వారు సంఖ్యను మోస్తున్నారు, అంతే. చెప్పగలగడం ఎరుకకు మొదటి మెట్టు మాత్రమే.

2. సంఖ్య లోపలి సంగతులు

ఈ సంఖ్యకు కొన్ని విశేష లక్షణాలు ఉన్నాయి. పలక మీద ఏ గడిని తీసుకున్నా అందులోని గింజలు అంతకు ముందున్న గడులన్నింటిలోని గింజల కన్న ఒకటి ఎక్కువ. మొదటి ముప్పై రెండు గడుల మొత్తం 4,29,49,67,295. ముప్పై మూడో గడి ఒక్కటే 4,29,49,67,296. సగం పలక నిండేవరకు జరిగినదంతా తరువాతి ఒక్క గడికి చాలదు. రెట్టింపు స్వభావం ఇదే. చాలాదూరం అది చిన్నదిగానే కనిపిస్తుంది. పెద్దదని తెలిసే సమయానికి వెనుదిరిగే దారి ఉండదు.

మొత్తం సంఖ్యను 4,29,49,67,295, 4,29,49,67,297 అనే రెండు సంఖ్యల లబ్ధంగా విడదీయవచ్చు. మొదటిది 3, 5, 17, 257, 65537 అనే ప్రధాన సంఖ్యల లబ్ధం. ఈ అయిదింటికీ ఒకే పోలిక ఉంది. 2, 4, 16, 256, 65536 అని వరుసగా వర్గం చేసుకుంటూ పోతూ ప్రతిదానికీ ఒకటి కలిపితే వచ్చేవే ఇవి. అదే వరుసలో తరువాతిది 4,29,49,67,297. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే కావచ్చునని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో భావించాడు. 1732లో ఆయిలర్ ఈ ఆరో సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు. భాగఫలం 67,00,417.

దీనికి ఒక చిన్న నిరూపణ ఉంది. 641ని 5 × 128 + 1గానూ, 625 + 16గానూ రాయవచ్చు. మొదటి రూపాన్ని బట్టి 5 × 128ని 641తో భాగించే లెక్కలో −1గా తీసుకోవచ్చు. దాని నాలుగో ఘాతం +1. రెండో రూపాన్ని బట్టి 5 యొక్క నాలుగో ఘాతమైన 625 స్థానంలో −16 ఉంచవచ్చు. 128 యొక్క నాలుగో ఘాతాన్ని 16తో గుణిస్తే 2 యొక్క 32వ ఘాతం వస్తుంది. కనుక ఆ ఘాతం −1కి సమానమై, దానికి ఒకటి కలిపినప్పుడు శేషం సున్న అవుతుంది.

ఇక్కడ తాత్త్వికమైన ప్రశ్న ఎదురవుతుంది. తెలుగు పద్యంలో ఈ సంఖ్య కుదురుకున్న కాలానికి 641 దానిలో కారణాంకమేనా? అవును అనక తప్పదు. ఆయిలర్ దానిని సృష్టించలేదు, చూశాడు. పద్యం వల్లించిన ప్రతి నోటా ఆ సత్యం కూడా పలికింది, పలుకుతున్నవారికి తెలియకుండానే. ఆ వరుసను అంత శ్రద్ధగా పరిశీలించిన ఫెర్మాకే అది అందలేదు. అంటే ఒక సంఖ్యను నిర్దేశించగానే దాని ధర్మాలన్నీ దానితోపాటే వచ్చేస్తాయి. నిర్దేశించినవాడి ఎరుకతో వాటికి పని లేదు.

ఒప్పందం కూడా ఇటువంటిదే. 'గడి గడికీ రెట్టింపు' అనే మూడు మాటల షరతులో ఇరవై అంకెల సంఖ్య అప్పటికే దాగి ఉంది. మాట ఇచ్చినవాడు చూసినా చూడకపోయినా అది ఉంది. తేడా ఒక్కటే. సంఖ్యలోని 641 తెలియకపోతే ఎవరికీ నష్టం లేదు. షరతులోని పరిమాణం తెలియకపోతే ఒక మనిషి, ఒక కుటుంబం మునిగిపోవచ్చు.

3. ఛందస్సు చూపే దారి

దాగి ఉన్న పరిమాణాన్ని ముందుగా తెలుసుకునే మార్గం ఉందా? తెలుగు పరిశోధకులకు దీనికి సమాధానం ఛందశ్శాస్త్రంలోనే లభిస్తుంది. ప్రతి అక్షరం గురువో లఘువో కావచ్చు గనుక పాదంలో ఒక అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. పాదానికి పదహారక్షరాల చొప్పున నాలుగు పాదాలు తీసుకుంటే అరవై నాలుగు అక్షరాలు. ఏ పాదానికి ఆ పాదం భిన్నంగా ఉండవచ్చుననుకుంటే ఆ పద్యానికి సాధ్యమయ్యే గురులఘు విన్యాసాలలో, అన్నీ గురువులైన ఒక్క విన్యాసాన్ని పక్కన పెడితే, మిగిలినవి సరిగ్గా చదరంగపు గింజలన్ని.

ఈ విస్తృతికి పింగళుడు భయపడలేదు. ప్రస్తారమంతా రాయకుండానే వృత్తాల సంఖ్యను రాబట్టే విధానాన్ని చెప్పాడు. అక్షరాల సంఖ్యను సగం చేసుకుంటూ పోవడం, అందుకు తగినట్టు వర్గం చేసుకుంటూ రావడం ఆ విధానంలోని కీలకం. అరవై నాలుగుకు దీనిని అన్వయిస్తే రెండుతో మొదలై 4, 16, 256, 65536, 4,29,49,67,296 మీదుగా ఆరు గుణకారాలతో లెక్క ముగుస్తుంది. అందులో ఒకటి తగ్గిస్తే గింజల మొత్తం. షట్ప్రత్యయాలలోని ఉద్దిష్టం కూడా ఇటువంటి వివేకమే. ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో 20,97,152 సమవృత్తాలు ఉన్నాయి. వాటిని రాయకుండానే చంపకమాల అందులో 7,11,600వదని తేల్చవచ్చు.

ఇది రెండో స్థాయి ఎరుక. అన్నింటినీ చూడకుండా, క్రమాన్ని పట్టుకొని ఫలితాన్ని చేరడం. దీనివల్ల మన నైతిక ప్రశ్నకు ముఖ్యమైన ఆధారం దొరుకుతుంది. అరవై నాలుగు గడుల పరిమాణం ఊహకు అందనిది కావచ్చు గాని గణనకు అందనిది కాదు. విధానం తెలిసినవాడికి ఆరు గుణకారాల దూరంలోనే ఉంది.

ఇక మూడో స్థాయి పరిమాణ గ్రహణం. వెయ్యి బియ్యపు గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుంటే ఈ మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. ఇటీవలి ప్రపంచపు బియ్యం ఉత్పత్తి ఏటా యాభై కోట్ల టన్నులకు కొంచెం పైన. అంటే దాదాపు ఏడు వందల ఏళ్ల పంట. క్షణానికి, అంటే సెకనుకు, ఒక గింజ చొప్పున లెక్కపెడితే సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. పురాణ గణనలో బ్రహ్మకు ఒక పగలైన కల్పం 432 కోట్ల సంవత్సరాలు. ఆ లెక్కన ఇది 135 కల్పాల పని. పంట, తూకం, కాలం వంటి బతుకు కొలతల్లోకి వచ్చినప్పుడే సంఖ్య మనసుకు తగులుతుంది. మల్లన పేర నిలిచిన పద్యం ఇరవై అంకెలనూ కాపాడింది గాని ఈ పని చేయలేదు. అది దాని లోపం కాదు, దాని ప్రయోజనం వేరు. కాని అంకెలు చెప్పడం పరిమాణం చెప్పడం కాదన్న సంగతి ఇక్కడ స్పష్టమవుతుంది.

4. మూడు వాగ్దానాలు

పై మూడు స్థాయిలను మనసులో ఉంచుకొని మూడు సందర్భాలను పోల్చి చూడవచ్చు.

మొదటిది చదరంగపు కథలోని రాజు. పదమూడో శతాబ్దికి చెందిన అరబ్బీ జీవిత చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ రచనలో ఈ కథ ఉంది. అక్కడ ఆటను కనిపెట్టినవాడు సిస్సా, రాజు షిహ్రామ్. రాజు కోరిక చాలా చిన్నదనుకున్నాడు. అంత ధాన్యం ఎక్కడా లేదని లెక్క కట్టిన ఉద్యోగులు చెప్పాక గాని అతనికి తెలియలేదు. రాజుకు సంఖ్యను చెప్పడం కూడా రాలేదు, గ్రహించడం మాట అటుంచి. అయినా అతని అజ్ఞానం క్షమార్హం కాదు. లెక్కలు కట్టే కొలువంతా చేతిలో ఉంది. 'రేపు చెబుతాను' అనడానికి ఏ అడ్డంకీ లేదు. తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం అజ్ఞానం కన్న అలసత్వానికి దగ్గర.

రెండోది బలి చక్రవర్తి. పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు అడిగింది కూడా చూపుకు చిన్నదే, మూడడుగుల నేల. కాని ఇక్కడ శుక్రాచార్యుడు ఉన్నాడు. వచ్చినవాడు విష్ణువనీ, రెండడుగులకే లోకాలన్నీ చెల్లిపోతాయనీ దానానికి ముందే చెప్పాడు. ఆపదలో మాట తప్పినా దోషం లేదన్న మార్గమూ చూపాడు. బలి అంతా విని, తెలిసి, ఇచ్చాడు. అందుకే ఆ దానం మహత్తరమైంది. శుక్రుడు లేని బలిని ఊహించుకుంటే కథ ఒక మోసపోయిన రాజు కథగా మిగిలేది. శుక్రుని పాత్రను దానానికి విఘ్నంగానే చూడడం మనకు అలవాటు. పరిమాణాన్ని ముందుగా వెల్లడించినవాడు ఆయనే గనుక బలి మాటకు నైతిక గౌరవం కల్పించినవాడూ ఆయనే అనడం సమంజసం.

మూడోది పేరులేని ఋణగ్రస్తుడు. అవసరం తరుముతుండగా చక్రవడ్డీ పత్రం మీద వేలిముద్ర వేసేవాడు. అతనికి రాజుకు ఉన్న లెక్కల కొలువు లేదు, బలికి ఉన్న శుక్రుడు లేడు. ఆరు గుణకారాల దూరం అతనికి ఆరు యోజనాలతో సమానం. లెక్క తెలిసినవాడు ఎదురుగా కూర్చునే ఉన్నాడు. కాని అతడు అప్పిచ్చేవాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. 'తెలియక ఒప్పుకున్నాను' అనే మాటకు చోటిస్తే ఏ ఒప్పందమూ నిలవదు, లోకవ్యవహారమే కుంటుపడుతుంది. ఈ ఆక్షేపణలో బలం ఉంది. భవిష్యత్తు పూర్తిగా తెలిసి మాట ఇచ్చేవాడు ఎవడూ లేడు. కాని వర్షం పడుతుందో లేదో తెలియకపోవడం ఒక రకం అజ్ఞానం. షరతులోనే ఉన్న లెక్క తెలియకపోవడం మరొక రకం. మొదటిది ఇద్దరికీ సమానం. దానికి కట్టుబడడం న్యాయం. రెండోది ఒకరికి తెలిసి మరొకరికి తెలియనిది. ఆ వ్యత్యాసాన్ని ఎరిగి, దాచి, దాని మీద లాభం తీసేవాడు ఎదుటివాడి మాటను పొందడం లేదు, అతని అజ్ఞానాన్ని కొంటున్నాడు.

5. ధర్మశాస్త్రం గీసిన గీత

ప్రాచీన ధర్మశాస్త్రకారులు ఈ వ్యత్యాసాన్ని గుర్తించారు. ఒక్కసారిగా వసూలు చేసే సొమ్ములో వృద్ధి ద్వైగుణ్యాన్ని దాటరాదనీ, అంటే అసలుతో కలిపి రెట్టింపును మించరాదనీ మనుస్మృతి విధించింది. ధాన్యం వంటి వాటికి అయిదు రెట్లు హద్దు. చక్రవృద్ధిని అదే స్మృతి నిషిద్ధ వృద్ధులలో చేర్చింది. ఋణగ్రస్తుడు తానే ఒప్పుకున్న 'కారిత' వృద్ధి కూడా ఆ జాబితాలో ఉండడం గమనార్హం. ఒప్పుకోలు ఒక్కటే అన్నింటినీ న్యాయం చేయదన్న భావన ఇందులో ఉంది. తెలుగులో ఈ వ్యవహార ధర్మ చర్చకు పాతకాలపు సాక్ష్యం పదమూడో శతాబ్దిలో మూలఘటిక కేతన మితాక్షరను ఆధారం చేసుకొని రచించిన 'విజ్ఞానేశ్వరీయం'. కావ్యభాషలోకి ఆచార ప్రాయశ్చిత్తాలతోపాటు వ్యవహారాన్ని కూడా తేవాలని ఒక కవి భావించడమే ఆలోచించదగిన విషయం.

చదరంగపు పలక పరిభాషలో చెప్పాలంటే ధర్మశాస్త్రం సొమ్ము అప్పును రెండో గడి దగ్గరే ఆపింది. ధాన్యపు అప్పును నాలుగో గడికి చేరనివ్వలేదు. ముప్పై మూడో గడిలో ఏమవుతుందో ఋణగ్రస్తుడు లెక్క కట్టలేడు గనుక, అతడు చూడగలిగినంత దూరంలోనే గీత గీసింది.

ఈ ఆలోచన మన కాలానికి దూరమైనది కాదు. సూక్ష్మరుణ సంస్థల వ్యవహారం సంక్షోభంగా మారినప్పుడు 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, దాని స్థానంలో తరువాత చట్టం వచ్చింది. వడ్డీ అసలును మించరాదన్న హద్దు అందులో ఉంది. వడ్డీ రేట్లను అందరికీ కనబడేలా ప్రదర్శించాలన్న నియమమూ ఉంది. దాని పరిధి గురించి తరువాత న్యాయస్థానాల్లో వాదాలు నడిచాయి. అయినా ఆ రెండు నియమాలు పక్కపక్కన ఉండడం ఆసక్తికరం. ఒకటి శుక్రుని పని, చెప్పడం. మరొకటి స్మృతికారుని పని, ఆపడం. చెప్పడం ఒక్కటే చాలదని ఈ జంట సూచిస్తుంది. గోడ మీద రాసిన వడ్డీ శాతం, పద్యంలోని ఇరవై అంకెల వలెనే, చదివినవాడికి పరిమాణాన్ని చూపకపోవచ్చు.

ఉపసంహారం

పై చర్చ వల్ల తేలే అంశాలు ఇవి. సంఖ్యకు సంబంధించిన సత్యం మన ఎరుక మీద ఆధారపడదు. మాటకు సంబంధించిన బాధ్యత మాత్రం ఎరుక మీదనే ఆధారపడుతుంది. తెలిసి ఇచ్చిన మాట బలి మాట, దానికి పూర్తి బలం ఉంది. తెలుసుకోగలిగి తెలుసుకోక ఇచ్చిన మాటకు ఇచ్చినవాడు జవాబుదారీ. తెలుసుకునే దారి లేక ఇచ్చిన మాటలో భారం తెలిసినవాడి వైపు మొగ్గుతుంది. తెలిసినవాడి మొదటి బాధ్యత వెల్లడించడం. ఆ వెల్లడి అంకెల్లో కాక ఎదుటివాడి కొలతల్లో ఉండాలి. ఎకరానికి ఎన్ని బస్తాలు, ఎన్ని పంటలు, ఎన్నేళ్ల కూలి అన్న భాషలో ఉండాలి. అది కూడా చాలని చోట హద్దు గీయడం సమాజం పని.

సాహిత్య విద్యార్థికి ఇందులో ఒక అదనపు బాధ్యత ఉంది. శాస్త్రాన్ని దేశభాషలోకి తెచ్చిన పావులూరి మల్లన, వ్యవహార ధర్మాన్ని దేశభాషలోకి తెచ్చిన కేతన ఎరుకను మరింతమందికి పంచే పని చేశారు. లెక్క తెలిసినవారి భాష ఒకటి, వేలిముద్ర వేసేవారి భాష మరొకటిగా ఉన్నంతకాలం ఆ పని పూర్తి కాదు. నేటి ఋణపత్రాల భాష, బీమా పత్రాల భాష, సంతకం పెట్టేవారికి అర్థమయ్యే తెలుగులో ఉన్నదా అన్నది కూడా తెలుగు శాఖలు పరిశోధించవలసిన ప్రశ్నే.